పాలమూరు, నల్లగొండ యువ వ్యవస్థాపకులకు బహిరంగ లేఖ: చెడువార్తను మీ గది దాకా రానివ్వండి

గౌరవనీయులైన యువ మిత్రులకు నమస్కారం.

2023లో మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో ఐటీ టవర్, నల్లగొండలో ఐటీ హబ్ కొన్ని నెలల తేడాతో ప్రారంభమైనప్పుడు, చదువు ముగియగానే పెట్టె సర్దుకొని హైదరాబాదుకో బెంగళూరుకో వెళ్లక తప్పని తరంలో పుట్టిన నేను ఎంత సంతోషించానో మాటల్లో చెప్పలేను. పదిహేడేళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసి, నాలుగేళ్ల కిందట మహబూబ్‌నగర్‌కు తిరిగి వచ్చి, సాయంత్రం వేళల్లో డిగ్రీ, ఇంజనీరింగ్ పిల్లలకు ప్రోగ్రామింగ్ చెప్పుకుంటున్నాను. నా దగ్గర నేర్చుకున్నవాళ్లలో కొందరు ఇప్పుడు మీ కంపెనీల్లో ఉన్నారు. మీలో కొందరు "మంచి పిల్లలుంటే చెప్పండి సార్" అంటూ మా ఇంటికి వస్తూ ఉంటారు. ఆ చనువుతోనే ఈ లేఖ రాస్తున్నాను. ఎక్కడైనా మాట కటువుగా అనిపిస్తే పెద్దవాడి మాటగా భావించి మన్నించండి.

గత వేసవిలో మీలో ఒకరితో కలిసి న్యూటౌన్‌లో ఒక టీ కొట్టు దగ్గర నిలబడి ఉండగా ఆయన ఫోన్ మోగింది. అవతల మాట్లాడుతున్నది ఆరు నెలల కిందట ఆయన కంపెనీలో చేరిన కుర్రవాడు. అప్పగించిన పని రేపటికి పూర్తికాదని చెబుతున్నాడని ఇవతలి మాటలను బట్టే అర్థమైంది. దానికి ఆయన ఇచ్చిన జవాబు నేనిక్కడ రాయలేను. టీ తాగుతున్న నలుగురైదుగురు తిరిగి చూశారు. ఫోన్ జేబులో పెట్టుకొని, నా ముఖంలో ఏదో కనబడి కాబోలు, "స్టీవ్ జాబ్స్ ఇంతకన్న ఎక్కువ ఒర్రేటోడంట సార్. గట్ల ఉంటెనే పని అయితది" అన్నారు. ఆ మాట ఆయన సాకుగా చెప్పలేదు, నిజంగా నమ్మి చెప్పారు. తండ్రి అమ్మిన ఎకరంన్నర డబ్బుతో కంపెనీ పెట్టి, మూడేళ్లుగా పండుగకు కూడా సరిగా ఇంటికి వెళ్లని మనిషి ఆయన. అలాంటి కష్టజీవి మనసులో అలాంటి నమ్మకం ఎలా పాతుకుపోయిందా అని ఆ రాత్రంతా ఆలోచించాను. ఆ తర్వాత గమనిస్తే ఆయన ఒక్కరే కాదు, మీలో ఇంకా కొందరి నోట, కాస్త మెత్తగానైనా, అదే మాట వింటున్నాను.

ఆపిల్ కంపెనీని స్థాపించినవారిలో ఒకరైన జాబ్స్ అరిచేవారన్నది నిజమే. 2008లో ఆపిల్ వారి మొబైల్‌మీ అనే ఆన్‌లైన్ సేవ తప్పులతో విడుదలైనప్పుడు ఆ బృందాన్నంతా ఒక హాలులో కూర్చోబెట్టి, కంపెనీ పేరు పాడుచేశారని నిలదీసి, అక్కడికక్కడే దాని బాధ్యతను మరొకరికి అప్పగించారు. ఆయనతో పనిచేసినవాళ్లు ఇలాంటివి చాలా చెప్పారు. కాదనడానికి లేదు. అయితే ఒక మనిషి జీవితంలో గెలుపూ ఉండి, కోపమూ ఉంటే, ఆ కోపం వల్లనే గెలిచాడని చెప్పడానికి ఆధారం కావాలి. ఆయన జీవితాన్ని ఏళ్ల వారీగా చూస్తే ఆధారం అటువైపు కనబడదు.

1976లో స్టీవ్ వోజ్నియాక్ తదితరులతో కలిసి ఆపిల్ పెట్టిన జాబ్స్, 1985లో, 30 ఏళ్ల వయసులో, సొంత కంపెనీ నుంచే బయటికి రావలసి వచ్చింది. మ్యాకింటాష్ అమ్మకాలు అనుకున్నంత సాగలేదు. పెప్సీ నుంచి తానే పట్టుబట్టి తెచ్చుకున్న జాన్ స్కల్లీతో పొసగలేదు. బోర్డు స్కల్లీ వైపు నిలబడింది. తర్వాత ఆయన పెట్టిన నెక్స్ట్ కంపెనీ కంప్యూటర్లు చూడటానికి ఎంత బాగున్నా ధర ఎక్కువ కావడంతో అమ్ముడుపోలేదు, 1993లో యంత్రాల తయారీనే మానుకోవలసి వచ్చింది. ఈ ఏళ్లన్నింటిలో ఆయనకు కోపం తక్కువేమీ లేదు. కంపెనీని నిలబెట్టేది కోపమే అయితే ఆ పన్నెండేళ్లు ఆయనకు అలా గడిచి ఉండకూడదు.

1997లో ఆపిల్ దివాలా అంచున ఉన్నప్పుడు తిరిగి వచ్చి ఆయన చేసిన మొదటి పెద్ద పని కోత. లెక్కకు మించి ఉన్న నమూనాలను తీసేసి నాలుగింటికి కుదించారు: ఇంట్లో వాడుకునేవాళ్లకు ఒక డెస్క్‌టాప్, ఒక ల్యాప్‌టాప్, వృత్తి నిపుణులకు ఒక డెస్క్‌టాప్, ఒక ల్యాప్‌టాప్. గొంతు పెంచితే అయ్యే పని కాదిది. ఏ యంత్రం ఎవరి కోసం తయారవుతోందో, ఎందుకు అమ్ముడుపోవడం లేదో, ఏ బృందంలో పని ఎక్కడ ఆగిందో, ఉన్నది ఉన్నట్టు తెలుసుకున్న మనిషి మాత్రమే చేయగల పని. తెలుసుకోవాలంటే చెప్పేవాళ్లు ఉండాలి, వాళ్లకు చెప్పే ధైర్యం ఉండాలి. ఆ రెండో విడతలో ఆయన చుట్టూ ఎదురు చెప్పగలిగినవాళ్లు నిలిచారు. విండోస్ కంప్యూటర్లలో ఆపిల్ వారి పాటల సాఫ్ట్‌వేర్ ఐట్యూన్స్ పనిచేయడం ఆయనకు ససేమిరా ఇష్టం లేదు. వాళ్లు వదలకుండా వాదించారు, 2003లో ఆయన ఒప్పుకున్నారు. ఐఫోన్‌లో బయటివాళ్ల యాప్‌లకు చోటివ్వకూడదని కూడా మొదట పట్టుబట్టారు; దానిమీదా దిగివచ్చారు, 2008 జూలైలో యాప్ స్టోర్ తెరుచుకుంది. ఇవాళ మీలో చాలామంది బతుకుతున్నది యాప్‌ల మీద. ఆ రోజున ఆయన మాటకు ఎదురు చెప్పినవాళ్లు లేకపోతే ఆ దుకాణం అప్పుడు తెరుచుకునేది కాదు.

ఇంకొక సంగతి ఉంది, మీలో ఎవరూ దాన్ని చెప్పగా నేను వినలేదు. 1986లో జాబ్స్ కొన్న యానిమేషన్ సంస్థ పిక్సార్ 1995లో ప్రపంచంలోనే తొలిసారి పూర్తి నిడివి కంప్యూటర్ యానిమేషన్ చిత్రాన్ని విడుదల చేసింది. అక్కడ తయారవుతున్న సినిమాలో లోపాలేమిటో దర్శకులందరూ కూర్చొని నిర్మొహమాటంగా చెప్పుకునే సమావేశాలు జరిగేవి. ఆ సమావేశాలకు జాబ్స్ వెళ్లేవారు కాదు. ఆయన గదిలో ఉంటే మిగిలినవాళ్లు మనసులో మాట బయటపెట్టలేరని ఆ సంస్థను నడిపిన ఎడ్ క్యాట్‌మల్ చెప్పగా ఆయన అంగీకరించారు. డబ్బు పెట్టింది ఆయనే, యజమాని ఆయనే. అయినా తాను ఉంటే నిజం బయటికి రాదని ఒప్పుకొని తలుపు బయట ఉండిపోయారు. మీరు ఆయన నుంచి ఏదైనా తీసుకోవాలంటే దీన్ని తీసుకోండని చేతులు జోడించి అడుగుతున్నాను.

నేను ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే, నిజం బయటికి రాని గదిలో నేను కూర్చున్నాను.

హైదరాబాదులో నేను పనిచేసిన ఒక కంపెనీ ప్రైవేటు పాఠశాలలకు ఫీజులు వసూలు చేసే సాఫ్ట్‌వేర్ తయారుచేసేది. పేరు అక్కరలేదు. ఫౌండర్ తెలివైనవాడు, రాత్రీ పగలూ పనిచేసేవాడు, కొత్త ఆలోచన వస్తే కళ్లు మెరిసేవి. మే నెలాఖరులో ఒక సోమవారం నాటి మీటింగులో, జూన్ మొదటి వారంలో కొత్త రిలీజ్ ఇవ్వాలని ఆయన చెబుతుండగా, టెస్టింగ్‌లో పనిచేసే ఒక అమ్మాయి లేచింది. దేవరకొండ వైపు నుంచి వచ్చిన అమ్మాయి, ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు. బ్యాంకు నుంచి జవాబు రావడం ఆలస్యమైతే మన సాఫ్ట్‌వేర్ అదే చెల్లింపును రెండోసారి పంపుతోందని, తల్లిదండ్రుల ఖాతాలోంచి డబ్బు రెండుసార్లు పోయే ప్రమాదం ఉందని, తాను చేసిన 200 పరీక్షల్లో 14 సార్లు అలా జరిగిందని చెప్పింది. వివరాలు రాసుకున్న నోటుబుక్కు చేతిలో ఉంది. ఇంగ్లీషులో చెప్పాలని ప్రయత్నిస్తూ మధ్యలో రెండుచోట్ల ఆగింది.

ఆయన మాట పూర్తి కానివ్వలేదు. "నాకు సమస్యలు తెచ్చేవాళ్లు వద్దు, పరిష్కారాలు తెచ్చేవాళ్లు కావాలి" అన్నారు. అంతటితో ఆగకుండా "ఏ కాలేజీ నువ్వు?" అని అడిగారు. ఆమె కాలేజీ పేరు చెప్పింది. వెనుక వరుసలో ఎవరో నవ్వారు. ఆమె నోటుబుక్కు మూసి కూర్చుంది.

అప్పటికి నాకు పన్నెండేళ్ల అనుభవం ఉంది. ఆమె చెప్పింది నిజమేనని, అలాంటి పొరపాటు ఎలా జరుగుతుందో కూడా నాకు తెలుసు. ప్రతి చెల్లింపుకూ ఒక విడి గుర్తింపు సంఖ్య ఇచ్చి, అదే సంఖ్య మళ్లీ వస్తే తిప్పి పంపేలా రాస్తే సరిపోతుంది. మూడు నాలుగు రోజుల పని. లేచి ఆ మాట చెప్పడానికి నాకు అర నిమిషం చాలు. ఇంటి లోను వాయిదా గుర్తుకొచ్చింది, తల దించుకున్నాను. ఆ అమ్మాయి ఒకసారి నా వైపు చూసింది. ఇన్నేళ్లు గడిచినా ఆ చూపును నేను మరిచిపోలేదు.

రిలీజ్ అనుకున్న రోజునే వెళ్లింది. పదకొండో రోజున పాఠశాలల నుంచి ఫోన్లు మొదలయ్యాయి. ఫీజులు కట్టే హడావుడిలో బ్యాంకు సర్వర్లు నెమ్మదించగానే, మూడు వందలకు పైగా కుటుంబాల ఖాతాల్లోంచి ఫీజు రెండుసార్లు పోయింది. డబ్బు తిరిగి జమ కావడానికి పది రోజులకు పైనే పట్టింది. జూన్ నెలలో పిల్లల పుస్తకాలకూ యూనిఫారాలకూ చేతిలో పైసా మిగలని ఇళ్లవి. ఒక తండ్రి పాఠశాల ఆఫీసు ముందు రోజంతా నిలబడ్డాడని అక్కడి గుమాస్తా నాకు ఫోన్లో చెప్పాడు. ఆ సాయంత్రం అందరినీ పిలిచి ఫౌండర్ అడిగిన ప్రశ్న ఒక్కటే: "ఇంత పెద్ద తప్పుంటే నాకు ముందే ఎవరూ ఎందుకు చెప్పలేదు?" ఆయన నటించలేదు. ఆయనకు నిజంగానే గుర్తులేదు. ఆ అమ్మాయి ఆగస్టులో ఉద్యోగం మానేసింది.

ఆ సోమవారం తర్వాత మా ఆఫీసులో జరిగిన మార్పును మీరు జాగ్రత్తగా గమనించాలని కోరుతున్నాను. వారం వారం ఫౌండర్‌కు ఒక పట్టిక వెళ్లేది. సవ్యంగా సాగుతున్న పనికి ఆకుపచ్చ, ఆలస్యమైతే పసుపు, ఆగిపోతే ఎరుపు. అంతకుముందు ప్రతివారం మూడు నాలుగు ఎర్ర గడులు ఉండేవి. ఆ తర్వాత పట్టిక మొత్తం పచ్చగా మారింది. పనిలో ఏ మార్పూ లేదు, మారింది రంగు మాత్రమే. ఎరుపు పెడితే ఏమవుతుందో అందరం చూశాం కాబట్టి, ఎవరికి వాళ్లం "వచ్చే వారానికి సర్దుకుంటుందిలే" అనుకొని పచ్చ పెట్టేశాం. కంపెనీలో తెలుసుకోవలసిన అవసరం అందరికన్నా ఎక్కువ ఉన్న మనిషికి అందరికన్నా తక్కువ తెలిసే స్థితి అలా వచ్చింది. తిట్టినందువల్ల ఒక మనిషికి బాధ కలుగుతుందనే మీరు అనుకుంటున్నారు, ఆ బాధ గురించీ చెప్పవచ్చు. అంతకన్నా ముందు, తిట్టిన ప్రతిసారీ మీ కంపెనీలో మీకు ఒక కన్ను పోతోందని చెప్పాలనే నా తాపత్రయం.

ఈ సంగతి తెలుసుకోవడానికి నేను అమెరికా దాకా వెళ్లనక్కరలేదని తర్వాత తోచింది. మా నాన్న నారాయణపేట వైపు మా ఊరి నుంచి గుంపు మేస్త్రి వెంట పార, తట్ట పట్టుకొని మట్టి పనులకు వెళ్లినవాడు. గుంపు మేస్త్రి చేసే పని మీరు చేసే పనికి దూరమైనదేమీ కాదు: కాంట్రాక్టరు దగ్గర అడ్వాన్సు తెస్తాడు, నమ్మినవాళ్లను వెంటబెట్టుకొని పోతాడు, పని కొలిచి లెక్క చెబుతాడు, మంచికైనా చెడుకైనా ఊళ్లో ముఖం చూపించవలసింది అతనే. అడ్వాన్సును అప్పుగా మార్చి మనుషుల్ని ఏళ్ల తరబడి కట్టేసిన మేస్త్రులు పాలమూరుకు బాగా తెలుసు, వాళ్ల వల్ల ఎన్ని ఇళ్లు గుల్లయ్యాయో చెప్పనక్కరలేదు. కానీ మా నాన్న జీవితాంతం తలుచుకున్న మేస్త్రి వేరే. కర్ణాటకలో ఒక కాలువ పనిలో, రాత్రి వాన పడిన మరుసటి ఉదయం, ఆ మేస్త్రి అందరినీ దిగమనే ముందు గుంపులో పెద్దవాడైన ఒక ముసలాయన దగ్గరికి వెళ్లి "పెద్దాయినా, గట్టు ఎట్లున్నది?" అని అడిగాడట. ఆ ముసలాయన గడ్డపారతో రెండుచోట్ల పొడిచి చూసి "ఇయ్యాల వద్దు" అన్నాడట. మేస్త్రి కాంట్రాక్టరు మనిషితో మాట పడ్డాడు, అందరికీ ఆ రోజు కూలి పోయింది, ఎవరూ దిగలేదు. ఆ గట్టు తర్వాత కూలిందో లేదో మా నాన్న ఎప్పుడూ చెప్పలేదు. మేస్త్రి అడిగిన సంగతే చెప్పేవాడు.

అడగని సంస్థకు ఏమవుతుందో తెలుగువాళ్లమైన మనం కళ్లారా చూశాం. 1987లో హైదరాబాదులో మొదలై 50 వేల మందికి పైగా ఉద్యోగాలిచ్చిన సత్యం కంప్యూటర్స్‌ను మన జిల్లాల్లో గౌరవించని ఇల్లు ఉండేది కాదు. అందులో ఉద్యోగం వస్తే పెళ్లి సంబంధాలు వరుసకట్టేవి. దాని వ్యవస్థాపకుడు రామలింగరాజు కార్మికుల మీద అరిచే మనిషిగా పేరుపడినవారు కాదు, మితభాషి, 108 అంబులెన్సు సేవను 2005లో మొదలుపెట్టిన సంస్థ కూడా ఆయన చొరవతో వచ్చిందే. ఆయన మెత్తదనాన్ని నేను కాదనడం లేదు. అయినా 2008 డిసెంబరు 16న, ఆయన కుటుంబానికి చెందిన రెండు మేటాస్ సంస్థలను సత్యం డబ్బుతో కొనాలన్న ప్రతిపాదన బోర్డు ముందుకు వచ్చినప్పుడు, పెద్ద పెద్ద చదువులూ పేరు ప్రతిష్ఠలూ ఉన్న స్వతంత్ర డైరెక్టర్లు కూర్చున్న ఆ బోర్డు దాన్ని ఆమోదించింది. "వద్దు" అన్నది బయట ఉన్న మదుపరులు. వాళ్ల ఆగ్రహం చూసి గంటల్లోనే ప్రతిపాదన వెనక్కి తీసుకున్నారు. మూడు వారాల తర్వాత, 2009 జనవరి 7న, ఆయన బోర్డుకు రాసిన లేఖలో, పుస్తకాల్లో చూపించిన 5,361 కోట్ల రూపాయల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు అసలు లేనే లేవని ఒప్పుకున్నారు. మొదట చిన్నగా ఉన్న తేడా ఏటేటా పెరిగిందని, పులి మీద స్వారీ చేస్తున్నట్టయి దిగే దారి తెలియలేదని అదే లేఖలో రాశారు. తేడా చిన్నగా ఉన్న ఆ మొదటి ఏడాదిలోనే లెక్కలు చూసే ఒక్కరు లేచి గట్టిగా అడ్డుపడగలిగి ఉంటే, అంతమంది బతుకులు ఆ జనవరిలో గాలిలో వేలాడేవి కావు. మీ కంపెనీల్లో పదిమందో ఇరవైమందో ఉన్నారు, లెక్కలు మీ బావమరిదో మిత్రుడో చూస్తున్నాడు. మీ బంధువూ మీ స్నేహితుడూ కాని ఒక మనిషికి, మీకు నచ్చినా నచ్చకపోయినా ఏడాదికి నాలుగుసార్లు మీ లెక్కలు తెరిచి చూసే అధికారం ఇప్పుడే ఇవ్వండి. కంపెనీ పెద్దదయ్యాక ఇవ్వడం చాలా కష్టం.

పని గంటల గురించి ఎక్కువ చెప్పను. 2023 అక్టోబరులో నారాయణమూర్తి గారు యువత వారానికి 70 గంటలు పనిచేయాలన్న మాట మీ అందరికీ కంఠతా వచ్చు. 70 గంటలంటే ఆరు రోజుల వారంలో రోజుకు 11 గంటల 40 నిమిషాలు. జడ్చర్ల నుంచో దేవరకద్ర నుంచో బస్సులో వచ్చిపోయే పిల్లకు ఇక మిగిలేది నిద్ర మాత్రమే. ఆయన ఇన్ఫోసిస్ తన ఉద్యోగులకు 1990లలోనే షేర్లు పంచిపెట్టిందన్న సంగతి మాత్రం మీలో ఎవరూ నాతో అనలేదు. 1980లో ఆపిల్ షేర్లు మార్కెట్లోకి వచ్చే వేళ, వాటా దక్కని తొలినాటి ఉద్యోగులకు వోజ్నియాక్ తన సొంత షేర్లలోంచి పంచిన సంగతి కూడా ఎవరూ అనలేదు. గంటలు అడిగే ముందు వాటా సంగతి తేల్చండి. వాటా ఇవ్వలేకపోతే గంటలు అడగకండి.

వాటా ఇవ్వకపోగా, చేరేటప్పుడే పిల్లల ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసిపెట్టుకొని, రెండేళ్ల బాండు రాయించుకునే అలవాటు మన దగ్గరా మొదలైంది. ఇది నన్ను ఎంత బాధిస్తోందో మీకు తెలియాలి. మేస్త్రి అడ్వాన్సు ఇచ్చి మనిషిని కట్టేసేవాడు. మీరు అడ్వాన్సు కూడా ఇవ్వకుండా కట్టేస్తున్నారు. వదిలిపోతారన్న మీ భయం నాకు అర్థమవుతుంది, ఆరు నెలలు నేర్పించిన పిల్లవాడు హైదరాబాదుకు వెళ్లిపోతే కలిగే నష్టం చిన్నది కాదు. అయినా ఆ సర్టిఫికెట్లు తిరిగి ఇచ్చేయండి. పదో తరగతి మెమో మీ బీరువాలో ఉన్న పిల్లవాడు సోమవారం మీటింగులో లేచి మీ తప్పును మీకు చెబుతాడని ఎలా అనుకుంటారు?

మాటల్లో మాటగా శ్రీధర్ వెంబు గారి పేరు కూడా చెప్పాలి. 1996లో మొదలై తర్వాత జోహోగా పేరు మార్చుకున్న ఆయన సాఫ్ట్‌వేర్ కంపెనీ బయటి పెట్టుబడులు తీసుకోకుండానే పెరిగింది. డిగ్రీ లేని పిల్లలకు జీతమిచ్చి నేర్పే బడిని 2005లో మొదలుపెట్టింది. తమిళనాడులో తెన్కాశి ప్రాంతపు పల్లెలో ఆఫీసు పెట్టింది. ఆయన అభిప్రాయాలన్నింటినీ మీరు ఒప్పుకోవాలని నేననను, నేనూ ఒప్పుకోను. మన జిల్లాల్లాంటి చోట కంపెనీ నడపడానికి మాత్రం కాలిఫోర్నియా కన్నా తెన్కాశి దగ్గరి పాఠం.

అంతకన్నా దగ్గరిది ఆలేరు. 2016 దాకా నల్లగొండ జిల్లాలో ఉండి ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాలోకి వచ్చిన, ఆలేరు దగ్గరి శారాజీపేటలో, చింతకింది మల్లేశం గారి తల్లి లక్ష్మి గారు చేనేత ఇంటి ఆడవాళ్లందరిలాగే ఆసు పోసేవారు. చిటికి కట్టి రంగు అద్దడానికి ముందు, అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల చుట్టూ నూలును అటూ ఇటూ చేత్తో తిప్పాలి. ఒక్క చీరకు దాదాపు 9,000 సార్లు చేయి ఆడాలి. సాయంత్రానికి భుజం పైకి లేచేది కాదు. బడి చదువు మధ్యలోనే ఆగిపోయిన ఆ కొడుకు, ఇంజనీరింగ్ చదవకుండానే, అప్పులు చేసి, ఏళ్ల తరబడి విఫలమవుతూ, 1999లో ఆ పనిని తనంతట చేసే యంత్రాన్ని తయారుచేసి దానికి తల్లి పేరే పెట్టారు. 2017లో పద్మశ్రీ అందుకున్నారు. ఆయన మొదట చేసిన పని ఏమిటో చూడండి: ఆమె భుజం నొప్పిని విన్నారు. "అందరూ చేస్తున్నదే కదా, నువ్వూ ఓర్చుకో" అనలేదు. పైకి అది ఇంట్లో రోజూ వినబడే ఫిర్యాదే. ఆ ఫిర్యాదులోంచే యంత్రం వచ్చింది. దేవరకొండ అమ్మాయి నోటుబుక్కులో ఉన్నదీ అలాంటి ఫిర్యాదే.

అందుచేత మిమ్మల్ని నేను అడిగేవి పెద్ద పెద్ద మార్పులు కావు. మీ వారపు మీటింగులో అందరికన్నా కొత్తగా చేరినవాళ్లను మొదట మాట్లాడనివ్వండి, మీరు చివర మాట్లాడండి. మీరు ముందే అభిప్రాయం చెప్పేస్తే ఇక మిగిలేది తల ఊపడమే. తప్పు చూపించినవాళ్లను ఆ గదిలోనే, అందరి ముందే మెచ్చుకోండి; పనిలో లోపం గురించి చెప్పవలసినప్పుడు పక్కకు పిలిచి, పని గురించే చెప్పండి, కాలేజీ గురించి, ఊరి గురించి, యాస గురించి కాదు. మీటింగుల్లో తెలుగును రానివ్వండి. ఇది నేను మరీ మరీ అడుగుతున్నాను. మన పిల్లల్లో చాలామంది పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివినవాళ్లు; చెడువార్త చెప్పడమే కష్టం, దాన్ని వచ్చీరాని ఇంగ్లీషులో, అందరి ముందు, యజమాని ముఖంలోకి చూస్తూ చెప్పడం ఎంత కష్టమో మీలో చాలామందికి సొంత అనుభవం ఉంది. "సార్, గిది పనిచేస్తలేదు" అని ఒక పిల్లవాడు అనగలిగితే చాలు, మిగిలిన వివరం అతని స్క్రీన్ మీదే కనబడుతుంది. జీతాలు ఒకటో తారీఖున వేయండి. డబ్బు తక్కువైన నెలలో ఆ మాట ముందే చెప్పి, మీ జీతం చివర తీసుకోండి.

ఈ పనుల్లో వేటికీ పెట్టుబడి అక్కరలేదు. పొద్దున లేస్తే క్లయింటు ఒత్తిడి, అద్దె ఒత్తిడి, ఇంట్లో "ఉద్యోగం చేసుకోరాదా" అన్న ఒత్తిడి మధ్య నలుగుతున్న మీకు ఓపిక తగ్గిపోవడం సహజమని నాకు తెలుసు. అలాంటి రోజున నోరు జారితే, మరుసటి రోజు అదే గదిలో, అదే మనుషుల ముందు, తప్పయిందని చెప్పండి. నేను పనిచేసిన ఆ కంపెనీలో ఫౌండర్ ఆ అమ్మాయికి ఆ ఒక్క మాట చెప్పి ఉంటే, మా పట్టికలో ఎర్ర గడులు తిరిగి వచ్చేవి. నా వరకు నేను ఆమె చిరునామా కనుక్కొని, ఆలస్యంగానైనా, క్షమాపణ చెబుతూ ఉత్తరం రాశాను.

టీ కొట్టు దగ్గర నాతో ఉన్న మిత్రునికి ఈ లేఖను ముందే చదివి వినిపించాను. చివరిదాకా విన్నారు. తన పేరు లేదు కాబట్టి పదిమందికీ పంపడానికి అభ్యంతరం లేదన్నారు. ఆ రోజు ఆ కుర్రవాడు రేపటికి కాదన్న పని నిజంగానే మర్నాటికి కాలేదని, మూడో రోజు సాయంత్రానికి అయిందని కూడా ఆయనే చెప్పారు.

శనివారం సాయంత్రాలు నాకు క్లాసులు ఉండవు. మీ కంపెనీల్లో టెస్టింగ్ చేసే పిల్లలను పంపితే, కనిపెట్టిన లోపాన్ని తేలిక మాటల్లో, ఆధారాలతో, భయం లేకుండా ఎలా నివేదించాలో నేర్పిస్తాను. రుసుమేమీ లేదు. వాళ్లతో పాటు మీరూ వచ్చి వెనుక వరుసలో కూర్చుంటే సంతోషిస్తాను.

ఇట్లు,
మీ శ్రేయోభిలాషి,
ఒక పాత సాఫ్ట్‌వేర్ ఉద్యోగి,
మహబూబ్‌నగర్